గడ్డి మాత్రమే

షీబా ఆ గుర్రాన్ని మా పెరట్లోకి తెచ్చిన రోజు నుంచి నాకు కుదురు లేదు. రెండువేల పదిహేడు ఫిబ్రవరి అది. గుర్రం ఎనిమిది వారాలు మా దగ్గర ఉండాలి. చివర్లో పరీక్షాధికారులు వచ్చి చూసేటప్పటికి అది కుంటకుండా నడవాలి, కాస్త పరుగు తీయాలి. అప్పుడే నా మనవరాలికి సర్టిఫికెట్టు. లేకపోతే ఏడాది చదువు వృథా. ఈ నాలుగు ముక్కలూ రోజుకు పదిసార్లు నాలో నేను చెప్పుకునేదాన్ని, ఎక్కడ మరిచిపోతానో అన్నట్టు.

షీబా మనుషుల నర్సింగు చదవాలనుకుంది. సీటు రాలేదు. చిలకపాలెం అవతల కొత్తగా పెట్టిన శిక్షణ కేంద్రంలో పశువుల సంరక్షణ కోర్సు ఉందని, దెబ్బతిన్న గుర్రాలను మళ్లీ నడిపించే విద్య కూడా నేర్పుతారని తెలిసి అందులో చేరింది. సోమ, బుధ, శుక్రవారాలు నరసన్నపేటలో పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, సాయంత్రం వచ్చేది. నన్ను అక్క వరసన అప్పా అని పిలిచే మా పక్కింటి కూర్మమ్మకు ఇదంతా పెద్ద వేడుక.

"ఏసమ్మప్పా, నీ మనవరాలు గుర్రాలకి నర్సమ్మంట గదా. మరి గుర్రం ఆస్పత్రికొచ్చి మందుల సీటీ రాయించుకుంటాదేటి?"

"నీకు జొరమొస్తే నీకూ అదే సూత్తాది లేయే" అన్నాను.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ మా ఇంటికి గుర్రం కొత్త కాదు. మేం విజయనగరంలో ఉన్నప్పుడు నా భర్త ఎలీషా జట్కా తోలేవాడు. పన్నెండేళ్లు ఆ గుర్రానికి దాణా ఉడకేసింది నేనే. దాని పేరు సుక్క. నన్ను విడిచిపోయినవాళ్ల పేర్లు ప్రార్థనలో వరసగా తలుచుకోవడం నాకు అలవాటు. ఎలీషా, నా కూతురు ప్రిస్కిల్లా, అంటే షీబా తల్లి, మా అక్క, ఇంకా కొందరు. ఆ వరసలో ఒక గుర్రం పేరు కూడా ఉందని మా పాస్టరుగారికి తెలియదు.

షీబా తెచ్చిన గుర్రం తెల్లది. పేరు పావురం. పెళ్లి ఊరేగింపుల్లో తిరిగేది. తారు రోడ్ల మీద డప్పులకు ఎగిరీ ఎగిరీ దాని కుడి ముందుకాలి నరం వాచిపోయింది. యజమాని నరసింగరావు దాన్ని కేంద్రానికి చూపిస్తే, వాళ్లు షీబాకు కేసుగా ఇచ్చారు. మాకు పెద్ద పెరడు, ఖాళీగా ఉన్న ఆవుల పాక ఉండటం అందుకు కారణం.

షీబా పద్ధతి చూస్తే ముచ్చటేసేది. రెండు పూటలా కాలి మీద చన్నీళ్ల ధార, తడి ఆరాక పట్టీ. మొదటి రెండు వారాలు పాకలోంచి కదలనివ్వలేదు. మూడో వారం నుంచి రోజుకు అయిదు నిమిషాల నడక, తరవాత పది, తరవాత పదిహేను. టేపుతో వాపు కొలిచేది. అన్నీ ఒక కేసు పుస్తకంలో తేదీల వారీగా రాసేది. మేత అన్న గడిలో మాత్రం రోజూ ఒకటే మాట, గడ్డి మాత్రమే.

అక్కడే మా ఇద్దరికీ పేచీ వచ్చింది.

"ఉలవలు పెట్టకండా గుర్రాన్ని పెంచడమేటే?"

"దానికి పని నేదు గదా అమ్మమ్మా. పని లేనప్పుడు గింజ పెడితే ఒంట్లో కండలు పాడైపోతాయంట. పాఠంలో ఉంది, సదువుకో."

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. నోటికి వచ్చిన కీర్తనలను పాటల పుస్తకంలో అచ్చు మీద వేలు పెట్టి పోల్చుకుంటూ చదవడం నేర్చుకున్నాను. అప్పటినుంచి పొట్లం కాగితం కూడా వదిలిపెట్టను. షీబా పాఠాలు తెలుగులో అచ్చేసినవి. ఆ ముక్క చదివాను. 'విశ్రాంతిలో ఉన్న గుర్రానికి గింజ దాణా పూర్తిగా ఆపవలెను' అని ఉంది. చదివాను గాని నమ్మలేదు. రాసినాయన ఏ రోజైనా జట్కా తోలాడా? పేజీ తిప్పకుండా మూసేశాను.

నాలుగో వారం నరసింగరావు మోటారు సైకిలు మీద వచ్చాడు. పాకలోకి తొంగిచూసి రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు.

"ఏటిది? ఎముకలు లెక్కెట్టీయొచ్చు! నాను గుర్రాన్నిచ్చేను, మీరు మేకని సేసి ఇత్తన్నారేటి?"

"కాలు బాగవుతోంది మావా. వాపు ఎంత తగ్గిందో సూడండి, అన్నీ రాశాను" అని షీబా కేసు పుస్తకం చూపించింది.

"పుస్తకం మీద పెళ్లికొడుకు కూకోడు గదమ్మా! వైశాఖంలో ముహూర్తాలున్నాయి. వచ్చే వారం దాకా సూత్తాను. ఇలాగే ఉంటే బండేసుకొచ్చి ఎత్తుకుపోతాను. నీ సదువు నా గుర్రం పేణం మీదకొచ్చింది."

అతను వెళ్లాక కూర్మమ్మ గోడ మీంచి తల పెట్టింది. "మీ చర్చీలో నలభై దినాల ఉపాసాలు గుర్రానిక్కూడా పెట్టేరేటే అప్పా?"

షీబా నవ్వేసి బకెట్టు పట్టుకుని బోరింగు దగ్గరికి పోయింది. నాకు నవ్వు రాలేదు. గుర్రాన్ని మధ్యలో తీసుకుపోతే కేసు పోతుంది. కేసు పోతే చదువు పోతుంది. చదువు పోతే పిల్ల ఎటు పోతుందో. ఆ సాయంత్రం కూర్చున్నచోట కూర్చోలేక చీపురు పట్టుకుని, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చాను.

మర్నాడు బుధవారం. షీబా బస్సెక్కగానే గిద్దెడు ఉలవలు ఉడకేశాను. తవుడు కలిపి తీసుకెళితే పావురం నా చేతిలోంచి గిన్నె లాక్కున్నంత పని చేసింది. గిద్దెడుతో ఏమవుతుందిలే అనుకున్నాను. శుక్రవారం సోలెడు పెట్టాను. తరవాత షీబా స్నానానికి వెళ్లినప్పుడు, చర్చికి వెళ్లినప్పుడు, సందు దొరికినప్పుడల్లా పెట్టాను. సాయంత్రం షీబా పుస్తకం తెరిచి అడిగేది.

"ఏటి తిన్నాది అమ్మమ్మా?"

"గడ్డే."

అది నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చేదో! షీబా తల వంచుకుని ఆ రెండు మాటలూ రాసుకునేది. నేను ఆ కలం వైపు చూడలేక పొయ్యి దగ్గరికి లేచి వెళ్లిపోయేదాన్ని.

పావురం ఒంటికి మెరుపొచ్చింది. అన్న వారానికి నరసింగరావు వచ్చి, "ఇదీ గుర్రమంటే" అని దాని మెడ చరిచి వెళ్లిపోయాడు. షీబా నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "సూసేవా? గడ్డితోనే! మన తాత కాలం పద్ధతులు తప్పని ఇప్పుడైనా ఒప్పుకుంటావా?" ఒప్పుకున్నానన్నాను. చెప్పేద్దామని ఆ రాత్రి అన్నం దగ్గర రెండుసార్లు నోరు తెరిచాను. చెబితే నన్ను నమ్మడం మానేస్తుంది. నమ్మకం పోయాక మనిషి ఇంట్లోనే ఉన్నా వెళ్లిపోయినట్టే. ఇంకా మూడు వారాలే కదా, గుర్రం నడిచేస్తే ఎవరికీ తెలియనక్కర్లేదు అనుకున్నాను.

ఆరో వారం చివర శుక్రవారం నుంచి ఆదివారం దాకా షీబాకు కేంద్రంలో క్యాంపు పడింది. అక్కడే ఉండాలి. "ఈ మూడు రోజులూ నడక వద్దు, పాకలోనే ఉంచు. సోమవారం నాకు సెలవు, మొదటిసారి పరుగు తీయించాలి" అని చెప్పి వెళ్లింది. పరుగన్న మాట నన్ను వదల్లేదు. పరుగు తీయాలంటే బలం ఉండాలి కదా. మూడు రోజులూ రెండు పూటలా తవ్వెడు చొప్పున, అంటే పూటకు రెండు సోలలు పెట్టాను.

సోమవారం పొద్దున్న షీబా పావురాన్ని పెరట్లోకి తెచ్చింది. ఫోను నా చేతికిచ్చి వీడియో తీయమంది. పది నిమిషాలు నడిపించింది, చక్కగా నడిచింది. తరవాత తాడు పట్టుకుని పక్కనే పరుగెత్తింది. పావురం నాలుగు అంగలు వేసిందో లేదో, వెనక కాళ్లు బిగబట్టి ఆగిపోయింది. ఎండ ఇంకా ఎక్కనే లేదు, ఒళ్లంతా చెమటలు. షీబా దాని పిర్ర మీద చెయ్యివేసి చటుక్కున తీసేసింది.

"రాయిలాగ అయిపోయింది అమ్మమ్మా!"

"నడిపించే! ఆగితే ఇంకా బిగిసిపోతాది, నడిపించే!" అని అరిచాను. మాకు తెలిసిన వైద్యం అదే.

"ఒద్దు! కదపకూడదు. ఎక్కడున్నదాన్ని అక్కడే ఉంచాలి. దగ్గరికి రాకు" అంది. ఇంతలో పావురం మూత్రం పోసింది. డికాషన్ రంగు.

ఆ రంగు నేను ముందొకసారి చూశాను.

విజయనగరంలో ఒక ఏడు మూడు రోజులు తెరిపి లేని ముసురు పట్టింది. బండి కదల్లేదు. సుక్క కొట్టంలోనే నిలబడిపోయింది. చలికి ఒళ్లు వెచ్చగా ఉంటుందని రోజూ పెట్టేదానికి రెండింతలు ఉలవలు పెట్టాను. నాలుగో రోజు వాన వెలిసి, ఎలీషా బండి కట్టాడు. మూడు లాంతర్ల కూడలి దగ్గరికి వెళ్లేసరికి సుక్క ఇలాగే బిగిసిపోయింది. చుట్టూ చేరినవాళ్లు నడిపించమన్నారు. ఎప్పుడూ కొరడా ఎత్తని మనిషి ఆ రోజు ఎత్తాడు. నాలుగడుగులు వేసి అది రోడ్డు మీద కూలబడింది. ప్రాణం దక్కింది కానీ మళ్లీ బండి లాగలేదు. పార్వతీపురం సంతకు తోలుకెళ్లి, ఎవరి చేతిలోనో తాడు పెట్టి, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు ఎలీషా. దిష్టి తగిలిందన్నారు అందరూ. నేనూ అదే అన్నాను. జట్కా మానేసి ఆయన గూడ్సు షెడ్డులో మూటలు మోశాడు. పోయేదాకా గుర్రం మాట ఎత్తలేదు.

షీబా ఫోనులో డాక్టరమ్మతో మాట్లాడుతుంటే నేను లోపలికి వెళ్లి పాఠాల కట్ట తీశాను. అప్పుడు తిప్పకుండా వదిలేసిన పేజీ తిప్పాను. వేలు పెట్టి చదివాను. విశ్రాంతి రోజుల్లో గింజ దాణా తగ్గించకుండా పెట్టి, తరవాత పనికి తీసిన గుర్రాలకు ఈ జబ్బు వస్తుందట. చెమటలు, వెనక కండరాలు బిగుసుకోవడం, ముదురు రంగు మూత్రం. జట్కా గుర్రాలకు సెలవు మర్నాడు వచ్చేదని కూడా రాశాడు. రాసినాయనకు జట్కా సంగతి తెలుసు. నాకే తెలియలేదు, పన్నెండేళ్లు దాణా ఉడకేసి.

డాక్టర్ పద్మకుమారి గారు గంటలో వచ్చారు. కేంద్రంలో షీబాకు పాఠాలు చెప్పేది ఆవిడే. సూది వేసి, సెలైను పెట్టి, అప్పుడు కేసు పుస్తకం అడిగారు. పేజీలు తిప్పుతుంటే ఆవిడ మొహం బిగుసుకుంది.

"ఎంతసేపు పరుగెత్తించావు?"

"అరనిమిషం కూడా లేదు మేడం."

"గడ్డి మీద ఉన్న గుర్రానికి అరనిమిషానికి ఇలా అవుతుందా? నిజం చెప్పు. గడువు దగ్గర పడిందని ఎక్కువ తిప్పేశావు కదూ?"

"లేదు మేడం. దేవుని తోడు."

"దేవుణ్ణి ఎందుకమ్మా మధ్యలోకి లాగుతావు? పని ఎక్కువ చేయించి తక్కువ రాసేవాళ్లకు ఈ కోర్సులో చోటు లేదు. నేను కేసు ఆపేస్తున్నాను."

షీబా మొహంలో రక్తం లేదు. నేను బోరింగు దాకా వెళ్లాను. మళ్లీ వచ్చాను. సెలైను సీసాలో బొట్లు పడుతున్నాయి. మళ్లీ బోరింగు దాకా వెళ్లాను. గోడవతల కూర్మమ్మ నిలబడి చూస్తోంది. ఆవిడ ఉందని ఆగాను కాసేపు, అది నిజం.

"అమ్మా, పిల్లని అనకండి. నానే పెట్టేను" అన్నాను.

"ఏం పెట్టారు?"

"ఉలవలు."

"ఎంత?"

"ఈ మూడు రోజులూ రెండు పూటలా తవ్వెడు. అంతకుముందు రెండు వారాల్నించి కొంచెం కొంచెం. దానికి తెల్దు. అడిగితే గడ్డే అని సెప్పేదాన్ని."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బిగిశాక నడిపించారా?"

"నాను నడిపించమన్నాను. షీబా కదపనివ్వనేదు."

"అందుకే ఇంకా నిలబడి ఉంది" అన్నారావిడ. షీబా వైపు తిరిగి, కేసు ఆపడం లేదన్నారు.

షీబా నన్ను చూడలేదు. మధ్యాహ్నం దాకా గుర్రం పక్కనే నిలబడి, తడిబట్టతో చెమట తుడుస్తూ ఉంది. తరవాత కేసు పుస్తకం తెచ్చి నా ఎదురుగా కూర్చుని ఎర్ర కలం విప్పింది.

"ఏ తేదీ ఎంత పెట్టేవో సెప్పు."

"అవన్నీ రాసేస్తే నిన్ను ఫెయిలు సేసీరూ?"

"సెప్పు అమ్మమ్మా."

చెప్పాను. గిద్ద, సోల, తవ్వ. ప్రతి గడిలోనూ గడ్డి మాత్రమే అన్న మాట మీద గీత గీసి, పక్కన ఎర్రగా రాసుకుంటూ పోయింది. అంతా అయ్యాక సుక్క సంగతి కూడా చెప్పాను. షీబా కలానికి మూత పెట్టింది.

"తాతకి తెలుసా, దాణా వల్లని?"

"తెల్దే. నాకూ ఇయ్యాలే తెలిసింది."

పావురం బతికింది. నాలుగు రోజులకు మామూలుగా మేసింది. కానీ ఎనిమిదో వారానికి నడవడం వరకే అయింది, పరుగుకు డాక్టరమ్మ ఒప్పుకోలేదు. పరీక్షకు వచ్చిన గణపతిరావుగారు పటాలంలో గుర్రాల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. పుస్తకంలో ఎర్ర గీతలన్నీ ఒక్కొక్కటే చదివారు. కాలికి చేసిన వైద్యం బాగుందన్నారు, రాత నిజాయితీగా ఉందన్నారు, కేసు మాత్రం పూర్తి కాలేదన్నారు. ఇంకో గుర్రంతో మళ్లీ ఎనిమిది వారాలు చేయాలి. ఈసారి ఇంటి దగ్గర కుదరదు, కేంద్రం శాలలోనే, హాస్టల్లో ఉండి.

నేను అడ్డం పడ్డాను. "తప్పు నాది బాబూ. పిల్లదేటి తప్పు?"

"అమ్మా, గుర్రం నోట్లోకి ఎవరు ఏం పెడుతున్నారో కనిపెట్టడమే ఈ చదువు" అన్నారాయన, గట్టిగా కాదు.

పావురాన్ని తీసుకుపోవడానికి వచ్చిన నరసింగరావు సంగతంతా విని నోరు వెళ్లబెట్టాడు. "నా మాటకి బయిపడిపోయి పెట్టేవా? ఓలమ్మా, నాను ఊరికే అన్నానమ్మా! అక్కడ దీనికి మేత ఎవుడు పెడతాడని, ఎత్తుకుపోడానికి?" అతను బండెక్కించినప్పుడు పావురం ఎటూ చూడలేదు, ముందున్న గడ్డి మోపులో మూతి పెట్టేసుకుంది. నాకు అదే నయమనిపించింది.

మరో రెండు రోజులకు షీబా పెట్టె సర్దుకుంది. నరసన్నపేటలో బస్సు కోసం నిలబడ్డాం. నేను నీళ్ల సీసా ఇచ్చాను, తువ్వాలు ఇచ్చాను, తీసుకుని మళ్లీ సర్ది ఇచ్చాను. బస్సు దూరంగా కనబడ్డాక అంది.

"నువ్వు సెప్పకపోతే డాక్టరమ్మ నన్ను ఎల్లగొట్టేసేది. నువ్వు పెట్టకపోతే ఈపాటికి నాను పాసైపోదును. నాకు నీ మీద కోపం వస్తాది, మళ్లీ పోతాది. ఏటి సెయ్యను?"

"కోపంగానే ఉండే. ఫోను మాత్రం సెయ్యి" అన్నాను.

"నువ్వు సెయ్యకు. నేనే చేస్తాను."

వారం దాటింది, చేయలేదు. ఫోను జాకెట్లో పెట్టుకుని తిరిగాను. ఛార్జింగు అయిపోయిందేమోనని పూటకోసారి పెట్టాను. కూర్మమ్మ వచ్చి "పిల్ల పాసైనాదా?" అంటే, "నేదు, నావల్ల పోనాది" అన్నాను. కూర్మమ్మ, "నాను గూడా గోడమీంచి వాగేను గదప్పా" అని వెళ్లిపోయింది.

రెండో వారం గురువారం సాయంత్రం ఫోను మోగింది.

"అమ్మమ్మా, తిన్నావా? ఇక్కడ నాకు ముసలి జట్కా గుర్రాన్నిచ్చారు. కాలు సరే గాని, కళ్లెం చూస్తే చాలు, పళ్లు బిగబట్టేస్తోంది. తాతైతే ఏటి సేసేవాడు?"

"మీ డాక్టరమ్మని అడుగు."

"అడిగేను. మీ అమ్మమ్మని అడిగి చెప్పు, విని చూద్దాం అన్నాది."

"కళ్లెం ఇనుము గదా, సల్లగా ఉంటాది. మీ తాత చంకలో పెట్టుకుని కాసేపు వెచ్చబెట్టేవాడు. ఎదురుగుండా నిలబడకండా పక్కనుంచి పెట్టేవాడు. బొటనవేలు నోటి మూల పెడితే, అక్కడ పళ్లుండవు, అదే తెరుస్తాది."

"రాసుకుంటన్నాను. ఇంకేటైనా ఉందా?"

"ఇంకేటీ నేదు" అన్నాను.

పెట్టేసింది. లోపలికి వెళ్లి బియ్యం ఏరడానికి కూర్చున్నాను. లేచాను. ఇంకేమీ లేదని ఎందుకన్నాను? ఉంది. ఉందని చెబితే మళ్లీ గుర్రం నోట్లో ఏదో పెట్టమన్నదాన్ని అవుతానని భయపడ్డాను. ఆ ముసలి గుర్రం దానికే అలవాటు పడి ఉంటే? చెప్పకపోవడం వల్ల మళ్లీ ఏదైనా అయితే? వాకిలి దాకా వెళ్లాను, తిరిగొచ్చాను. చేయొద్దంది పిల్ల. గడియారం చూశాను. చేటలో బియ్యం అలాగే ఉంది. కళ్లజోడు పెట్టుకుని నంబరు నొక్కాను. చాలాసేపు మోగింది.

"ఏటి అమ్మమ్మా?"

"బెల్లం" అన్నాను. "కళ్లేనికి కాస్త బెల్లం రాసేవాడు మీ తాత. డాక్టరమ్మని అడక్కండా రాయకు. కానీ పుస్తకంలో మాత్రం రాసుకో."